తెరమీది చుక్కలు ఎక్కడికి పోయాయి?

మీ ఇంట్లో టీవీకి సిగ్నల్ అందనప్పుడు తెర ఎలా ఉంటుంది? నల్లగానో నీలంగానో మారిపోయి, మధ్యలో "సిగ్నల్ లేదు" అన్న ముక్క కనిపిస్తుంది. అంతే కదా! ఇదే ప్రశ్న ఇవాళ సాయంత్రం మీ అమ్మనో నాన్ననో అడిగి చూడండి. వాళ్లు వేరే జవాబు చెబుతారు. "మా చిన్నప్పుడు గ్రెయిన్స్ వచ్చేవి" అంటారు. తెర నిండా తెల్లవీ నల్లవీ చుక్కలు, చీమలపుట్ట కదిలినట్టు కదులుతూ ఉండేవి. స్పీకరులోంచి పెనంమీద నీళ్లు చల్లినట్టు ఒకటే రొద.

ఆ రోజుల్లో టీవీ చూడటానికి కనీసం ముగ్గురు మనుషులు కావాలి. డాబామీద ఇనప గొట్టం, దాని కొసన చేపముల్లులాంటి అల్యూమినియం కడ్డీల ఏంటెనా. ఒకరు గొట్టం తిప్పాలి. ఒకరు కిటికీ దగ్గర నిలబడి కేకలు అందించాలి. మూడోవారు తెరముందు కూర్చుని తీర్పు చెప్పాలి. "వచ్చిందా?" "బొమ్మ వచ్చింది, మాట రాలేదు!" "ఇప్పుడో?" "ఆఁ... ఆఁ... ఆపు! అయ్యో, పోయింది!" గొట్టం పట్టుకున్నంతసేపూ బొమ్మ నిలిచి, చెయ్యి తీయగానే చెదిరిపోవడం నాకు బాగా అనుభవం. ఏంటెనాకు దగ్గరగా ఉన్న మన శరీరం కూడా తరంగాల దారిని కొంత మారుస్తుంది మరి!

ఇప్పుడా కేకలు లేవు, చుక్కలూ లేవు. ఎక్కడికి పోయాయి? వాటితోబాటు ఇంకేమైనా పోయిందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుకుదాం.

బొమ్మ అలగా మారిన విధం

కెమెరా ముందున్న దృశ్యంలో కొన్నిచోట్ల వెలుగు ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ. పాత టీవీ కెమెరా దృశ్యాన్ని మనం పుస్తకం చదివినట్టు ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి గీతలు గీతలుగా చదివేది. మన దేశం అనుసరించిన పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు. సెకండుకు 25 బొమ్మలు. అంటే సెకండుకు 15,625 గీతలు! పాత టీవీ పెట్టగానే సన్నగా "కీ..."మని ఒక కూత వినిపించేది. అది సెకండుకు 15,625 సార్లు అదిరే భాగాలు చేసే చప్పుడే. పిల్లలకు వినబడేది, తాతగారికి వినబడేది కాదు. వయసుతోబాటు చెవి ముందుగా పోగొట్టుకునేది ఇలాంటి హెచ్చు పౌనఃపున్యాలనే.

గీత వెంట వెలుగు హెచ్చితే విద్యుత్తు ఒక విధంగా, తగ్గితే మరొక విధంగా మారుతుంది. ఆ మార్పులనే ప్రసార కేంద్రం తన రేడియో తరంగపు కంపన పరిమితిమీద ఎక్కించి పంపుతుంది. దృశ్యంలో వెలుగు ఎలా ఎగుడుదిగుడులుగా ఉందో, తరంగమూ దానికి నకలుగా ఎగుడుదిగుడులు పోతుంది. ఇలా అసలుకు పోలికగా నడిచేది కాబట్టే దీనిని అనలాగ్ సంకేతం అన్నారు.

ఇందులోనే దాని బలహీనతా ఉంది. దారిలో ఒక మెరుపు మెరిసింది, పక్కింట్లో మిక్సీ తిరిగింది, రోడ్డుమీద స్కూటరు వెళ్లింది. వీటన్నిటినుంచీ చిన్న చిన్న విద్యుదయస్కాంత తరంగాలు పుడతాయి. అవి మన తరంగంతో కలిసిపోతాయి. అసలు టీవీ పెట్టెలోని ఎలక్ట్రాన్ల వేడి కదలికలే కొంత రొద పుట్టిస్తాయి. ఈ కలగాపులగాన్ని అందుకున్న టీవీకి ఏది దృశ్యమో ఏది రొదో తెలియదు. ఎందుకంటే అనలాగ్ సంకేతానికి "తప్పు విలువ" అంటూ లేదు. 3 వోల్టులూ సరైనదే, 3.1 వోల్టులూ సరైనదే, 3.14 వోల్టులూ సరైనదే! వచ్చినదాన్ని వచ్చినట్టు తెరమీద వేస్తుంది. ఆ రొదే మనకు కనిపించిన చుక్కలు.

మీ బడిలో పాత ప్రశ్నపత్రాన్ని జిరాక్స్ తీయించారనుకోండి. ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్, దానికి మరొకటి. పదోసారికి అక్షరాలు పాలిపోయి, కాగితంమీద మచ్చలు పడి చదవలేని స్థితికి వస్తుంది. అలాకాక ప్రతిసారీ ఎవరో ఒకరు చదివి, అవే అక్షరాలను కొత్త కాగితంమీద రాశారనుకోండి. పదో ప్రతి కూడా మొదటిదానిలాగే ఉంటుంది. ఎందుకు? చదివేవాడికి ముందే తెలుసు - అక్కడ ఉండవలసింది వర్ణమాలలోని ఏదో ఒక అక్షరమేనని. మచ్చ అక్షరం కాదని అతను దాన్ని వదిలేస్తాడు. డిజిటల్ రహస్యం ఇంతే.

గళ్ల కాగితంతో ఒక ఆట

దీన్ని చదివి ఊరుకోకండి. గ్రాఫు కాగితాలు రెండు తీసుకోండి. ఒక్కొక్కదానిమీద 16 గళ్ల వెడల్పు, 16 గళ్ల ఎత్తు ఉన్న చదరం గీయండి. మీ కాగితంలో కొన్ని గళ్లు నల్లగా నింపి ఏనుగో, ఇంటి బొమ్మో వేయండి. ఇప్పుడు మైదానంలో ఒక చివర మీరు, రెండో చివర మీ స్నేహితుడు. నల్ల గడి అయితే చెయ్యి పైకెత్తండి, తెల్ల గడి అయితే కిందికి దించి ఉంచండి. వరసగా 256 గళ్లకూ ఇలా చేస్తే అవతలి కాగితంలో మీ బొమ్మ వచ్చేస్తుంది. చెయ్యి ఎత్తడం 1, దించడం 0. ఈ ఒక్కొక్క సమాచారాన్ని ఒక "బిట్" అంటారు.

గాలికి దుమ్ము లేచి మీ చెయ్యి సరిగ్గా కనబడలేదనుకోండి. పూర్తిగా ఎత్తకుండా సగానికి పైన ఆపారనుకోండి. అయినా స్నేహితుడు "అది 1 అయి ఉంటుంది" అని రాసుకుంటాడు. 0.8 వచ్చినా 1 అనే రాస్తాడు, 0.2 వచ్చినా 0 అనే రాస్తాడు. దారిలో కలిసిన రొద అక్కడికక్కడే రాలిపోతుంది.

మరి దుమ్ము మరీ ఎక్కువై, ఎత్తిన చెయ్యి దించినట్టు కనబడితే? అప్పుడు నిజంగానే తప్పు పడుతుంది. డిజిటల్ పద్ధతిలోని అసలు చమత్కారం ఇక్కడే మొదలవుతుంది. పడిన తప్పును, పంపినవాడిని మళ్లీ అడగకుండానే దిద్దుకోవచ్చు! నమ్మకం కుదరడంలేదా? ఈ పట్టిక చూడండి.

1 0 1 1 – 1
0 1 1 0 – 0
1 1 0 1 – 1
0 0 1 0 – 1
(అడుగు వరస) 0 0 1 0

ఎడమవైపు నాలుగేసి అంకెలున్న నాలుగు వరసలు మన బొమ్మలోని ముక్క. గీతకు అవతలున్నది తనిఖీ అంకె. దాన్ని కూడా కలుపుకుంటే ప్రతి అడ్డువరసలోనూ 1 అంకెల సంఖ్య సరిసంఖ్య కావాలి. అలాగే అడుగు వరసను కలుపుకుంటే ప్రతి నిలువు వరసలోనూ సరిసంఖ్యే రావాలి. లెక్కపెట్టి చూసుకోండి.

ఇప్పుడు మూడో అడ్డువరసలో రెండో అంకెను 1కి బదులు 0గా మార్చి, పట్టికను మీ స్నేహితుడికి ఇవ్వండి. అతను లెక్కపెడితే మూడో అడ్డువరసలో బేసి వస్తుంది, రెండో నిలువు వరసలో బేసి వస్తుంది. ఆ రెండు వరసలూ కలిసే గడిలోనే తప్పు ఉంది! 0 తీసి 1 వేస్తే సరి. బొమ్మ ఏమిటో తెలియకుండానే బొమ్మలోని తప్పు దిద్దేశాడు.

మరొక్క అడుగు వేయండి. ఒకే అడ్డువరసలో రెండు అంకెలు మార్చండి. అడ్డంగా లెక్కపెడితే సరిగానే కనిపిస్తుంది. నిలువుగా రెండుచోట్ల బేసి వస్తుంది. తప్పు ఉందని తెలుస్తుంది, ఎక్కడుందో తెలియదు. తప్పులు ఇంకా పెరిగితే, సరైన అంకెను తప్పనుకుని చెడగొట్టే ప్రమాదమూ ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత కావలసి వస్తుంది.

నిజమైన టీవీ ప్రసారాలలో వాడేది దీనికి పెద్దన్నలాంటి పద్ధతి. 1960లో అమెరికా గణితజ్ఞులు అర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ దాన్ని ప్రకటించారు. యూరప్‌లో రూపొందిన డిజిటల్ ప్రసార పద్ధతిలో సమాచారాన్ని 188 బైట్ల పొట్లాలుగా కడతారు. బైటు అంటే 8 బిట్లు. ప్రతి పొట్లానికీ 16 తనిఖీ బైట్లు చేర్చి 204 చేస్తారు. అందులో ఏవైనా 8 బైట్ల దాకా పాడైనా, అందుకున్న పెట్టె వాటిని పోల్చుకుని దిద్దుకుంటుంది.

పాత టీవీలకు మరో జబ్బు ఉండేది. హీరో పక్కనే హీరోలాంటి పలచటి నీడ! పెద్ద భవనాలకో కొండలకో తగిలి తిరిగివచ్చిన తరంగం కాస్త ఆలస్యంగా చేరి, ఆ రెండో బొమ్మను గీసేది. ప్రతిధ్వని వచ్చే పెద్ద హాలులో మాష్టారు డిక్టేషన్ చెబుతున్నారనుకోండి. గబగబా చెబితే ముందు మాట ప్రతిధ్వని తరువాతి మాటమీద పడుతుంది. అందుకు ఆయన ఒక్కో మాట నిదానంగా చెప్పి, హాలు సద్దుమణిగాక మరో మాట చెబుతాడు. నష్టపోయిన వేగం ఎలా? ఒక్క మాష్టారికి బదులు కొన్ని వేలమంది మాష్టార్లు, తలా ఒక స్వరంతో, ఒక్కసారే నిదానంగా చెబుతారు! యూరప్ పద్ధతిలో ఒక ఛానెల్ స్థలంలోనే 6,817 సన్నటి తరంగాలు పక్కపక్కనే నడిచే ఏర్పాటు ఉంది. ఒక్కొక్కటీ నిదానమే, అన్నీ కలిస్తే మహావేగం. నీడబొమ్మ పీడ అలా వదిలింది.

కొండ అంచు

ఇంతవరకు విన్నది డిజిటల్‌కు పొగడ్త. ఇక నాణేనికి రెండోవైపు.

మీ ఇంట్లో డిష్ ఉంటే, పెద్ద వాన కురిసినప్పుడు ఏమవుతుందో చూసే ఉంటారు. వాన మొదలైనా బొమ్మ అద్దంలా ఉంటుంది. ఇంకా హెచ్చుతుంది, అయినా ఏమీ కాదు. ఉన్నట్టుండి బొమ్మ చదరపు పలకలుగా పగులుతుంది, మాట తునకలవుతుంది, అంతలో తెర నల్లబడుతుంది. ఆకాశంనుంచి వచ్చే తరంగాన్ని వానచినుకులు కొద్ది కొద్దిగానే పీల్చుకుంటున్నాయి. కాని బొమ్మ కొద్ది కొద్దిగా చెడలేదు. ఎందుకు? మన పట్టికను గుర్తుచేసుకోండి. తప్పులు దిద్దగలిగినన్ని ఉన్నంతవరకు బొమ్మ నిర్దోషం. ఆ హద్దు దాటితే దిద్దుబాటు చేతులెత్తేస్తుంది, మొత్తం పోతుంది. ఇంజనీర్లు దీన్ని కొండ అంచు అంటారు. అంచుదాకా నేల చదునే. ఆ పైన ఒక్క అడుగు వేస్తే లోయ.

అనలాగ్ అలా కాదు. అది వాలుగా దిగే గట్టు. ప్రసార కేంద్రానికి దూరమయ్యేకొద్దీ చుక్కలు పెరుగుతాయి, రంగులు పోతాయి, అయినా ఏదో బొమ్మ ఉంటుంది. మనిషి కన్ను చాలా ఓర్పుగలది. చుక్కల వెనకున్న ముఖాన్ని అది పోల్చుకుంటుంది. చుక్కల తెరమీదే ఒక తరం సినిమాలు చూసింది, తుఫాను హెచ్చరికలు విన్నది.

కనుక ఒక దేశం అనలాగ్‌ను ఆపి డిజిటల్‌కు మారినప్పుడు, మధ్యలో ఉన్నవారందరికీ మంచి బొమ్మ వస్తుంది. అంచున ఉన్నవారి సంగతే చిక్కు. నిన్నటిదాకా మసకగానైనా చూసినవాళ్లకు ఇవాళ ఏమీ రాకపోవచ్చు. అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ దేశమంతటినీ మార్చబోయే ముందు, పరీక్షగా నార్త్ కరోలినా రాష్ట్రంలోని విల్మింగ్టన్ అనే పట్టణంలో 2008 సెప్టెంబరు 8 మధ్యాహ్నం అనలాగ్ ప్రసారాలు ఆపారు. చాలామందికి ఇబ్బంది లేకపోయింది. కాని దూరాన ఉండి, పాత ప్రసారాన్ని ఎలాగో అందుకుంటూ వచ్చిన కొందరికి కొత్తది చేరనే లేదు.

అంచు అంటే దూరం ఒక్కటే కాదు. పాత టీవీకి ఈ అంకెల భాష అర్థం కాదు. దానికీ ఏంటెనాకూ మధ్య ఒక దుబాసీ పెట్టె కావాలి. సెట్‌టాప్ బాక్స్ అని మనమంటున్నది దాన్నే. దాన్ని కొనగలగాలి, తగిలించుకోగలగాలి, రెండో రిమోటు వాడటం నేర్చుకోవాలి. అమెరికా ప్రభుత్వం ఇంటికి రెండేసి చొప్పున, ఒక్కొక్కటి 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది. 90 రోజుల్లో వాడకపోతే అవి చెల్లవు. 2009 ఫిబ్రవరి 17న దేశమంతా మారాలని చట్టం. తీరా జనవరి వచ్చేసరికి కూపన్ల డబ్బు అయిపోయింది, లక్షల దరఖాస్తులు మిగిలిపోయాయి. అప్పుడు మరో చట్టం చేసి గడువును జూన్ 12కు జరిపారు. బెర్లిన్ నగరం 2003 ఆగస్టులోనే, ప్రపంచంలో అందరికంటె ముందు, ఈ మార్పు పూర్తిచేసింది. అక్కడ పేద కుటుంబాలకు పెట్టెలు సమకూర్చే ఏర్పాటు ముందే చేసుకున్నారు. జపాన్ 2011 జూలై 24న మారింది. కాని ఆ మార్చిలో భూకంపం, సునామీ ముంచెత్తిన ఇవాతె, మియాగి, ఫుకుషిమా ప్రాంతాలకు మాత్రం 2012 మార్చి 31 దాకా వ్యవధి ఇచ్చారు. ఇల్లే కొట్టుకుపోయినవాడు టీవీ పెట్టె ఎక్కడ తెచ్చుకుంటాడు!

గడువు వెనక్కి కాక ముందుకు జరిగిన చోటు కూడా ఒకటుంది. అమెరికాలోని హవాయి దీవులలో 2009 జనవరి 15నే మార్పు జరిగింది. అక్కడ హలెయకాలా అగ్నిపర్వతంమీద పాత ప్రసార స్తంభాలుండేవి. ఆ కొండవాలుల్లో నేలబొరియలలో గూళ్లు పెట్టుకునే పెట్రెల్ అనే సముద్రపక్షి అంతరించే దశలో ఉంది. అది గూళ్లకు వచ్చే కాలానికి ముందే స్తంభాలు విప్పేయాలని తొందరపడ్డారు.

ఇక మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 2017లో మా ఊళ్లో కేబుల్ ప్రసారాలు డిజిటల్‌కు మారాయి. మా ఇంట్లో పెట్టె తెచ్చి తగిలించుకున్నాం. వీధి చివర పాత ఇంట్లో ఉండే మా అమ్మకు చెప్పడం మరిచాను. ఒక ఉదయం ఆమె టీవీ పెడితే తెరనిండా చుక్కలు. టీవీ పాడైందనుకుని మెకానిక్‌ను పిలిపించింది. అతను వెనక మూత విప్పి, దుమ్ము దులిపి, డబ్బు తీసుకుని, "ఇంక దీని పని అయిపోయిందమ్మా" అని చెప్పి వెళ్లాడు. మూడు రోజులు ఆమె టీవీ లేకుండానే ఉంది. నాలుగో రోజు నేను వెళ్తే, "పోనీలేరా, ముసలిదైపోయింది, నాలాగే" అంది. టీవీకి ఏ జబ్బూ లేదు. అవతలివాళ్లు భాష మార్చారు, అంతే. ఎనిమిదో తరగతికి తరంగాల పాఠం చెప్పే మనిషి ఇంట్లోనే ఇలా జరిగింది. అందుకే ఎక్కడో అమెరికాలో కూపన్లు అందక మిగిలిపోయిన ముసలివాళ్ల సంగతి చదివితే నాకు వాళ్లు పరాయివాళ్లనిపించరు.

అయినా ఎందుకు మార్చారు?

అంచున ఉన్నవారికి ఇంత ఇబ్బంది ఉండగా ప్రభుత్వాలు ఎందుకంత పట్టుపట్టాయి? మంచి బొమ్మ కోసం అనుకుంటే అది సగం జవాబే. అసలు కారణం స్థలం.

రేడియో తరంగాలకు స్థలమేమిటి అంటారా? ఒకే చోట ఒకే పౌనఃపున్యంమీద ఇద్దరు మాట్లాడితే ఎవరిదీ వినబడదు. అందుచేత తలా కొంత మేర పంచుకోవాలి. మన అనలాగ్ టీవీ ఛానెల్ ఒక్కొక్కటి 7 లేక 8 మెగాహెర్ట్జుల మేర ఆక్రమించేది. పొలాలకు కొత్తవి సృష్టించలేనట్టే పౌనఃపున్యాలకూ కొత్తవి సృష్టించలేం.

మరి డిజిటల్ చేస్తే స్థలం ఎలా మిగులుతుంది? నిజానికి మామూలుగా చేస్తే మిగలదు సరికదా, ఇంకా చాలదు! లెక్క వేద్దాం. సాధారణ డిజిటల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. గుణిస్తే 4,14,720. సెకండుకు 25 బొమ్మలు కనుక 1,03,68,000 చుక్కలు. ఒక్కో చుక్క వెలుగుకూ రంగుకూ కలిపి సగటున 16 బిట్లు. మొత్తం సెకండుకు 16,58,88,000 బిట్లు. 8 మెగాహెర్ట్జుల ఛానెల్‌లో భద్రంగా పంపగలిగేది సెకండుకు సుమారు 2 కోట్ల 40 లక్షల బిట్లు. సుమారు ఏడో వంతు మాత్రమే పడుతుంది!

అందుకే బొమ్మను కుదిస్తారు. వార్తలు చదివే ఆమెను చూడండి. పెదవులు, కళ్లు కదులుతాయి. వెనకున్న గోడ కదలదు. ఆ గోడను సెకండుకు 25 సార్లు పంపడం దేనికి? ఒకసారి పంపి, తరువాత మారిన భాగాలనే పంపితే చాలు. మిగిలినదాన్ని 8 గళ్ల వెడల్పు, 8 గళ్ల ఎత్తు ఉన్న చిన్న పలకలుగా కోసి, ప్రతి పలకలోనూ కన్ను గుర్తుపట్టలేని సన్నని వివరాలను వదిలేస్తారు. వానలో బొమ్మ చదరాలుగా పగలడం చూశాం కదా, ఆ చదరాల పుట్టుక ఇదే.

ఈ పలకల గణితానికి మూలమైన పరిశోధనాపత్రం 1974లో వెలువడింది. రాసినవారు ముగ్గురు: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. ముగ్గురూ మన దేశంనుంచి అమెరికా వెళ్లినవారే. బెంగళూరులో పుట్టిన అహ్మద్ ఈ ఆలోచనమీద పనిచేస్తానని 1972లో అక్కడి జాతీయ విజ్ఞానశాస్త్ర సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే డబ్బు మంజూరు కాలేదు. ఆయన వేసవి సెలవుల జీతం వదులుకుని ఆ పని చేశాడు. మీరు ఫోనులో తీసే ఫొటో, చూసే వీడియో దాదాపు ప్రతిదానిలో ఆ గణితమో, దాని సంతానమో పనిచేస్తూ ఉంది.

ఇలా కుదిస్తే బొమ్మకు సెకండుకు 40 లక్షల బిట్లు సరిపోతాయి. అంటే నలభయ్యో వంతు! ఒక్క అనలాగ్ ఛానెల్ స్థలంలో అయిదారు డిజిటల్ ఛానెళ్లు పడతాయి. మిగిలిన స్థలాన్ని వేరేవారికి ఇవ్వవచ్చు. అమెరికా తన టీవీలనుంచి ఖాళీ చేయించిన 700 మెగాహెర్ట్జుల ప్రాంతంలో కొంత పోలీసు, అగ్నిమాపక దళాలకు కేటాయించి, ఎక్కువ భాగం 2008లో వేలం వేసింది. సుమారు 1,900 కోట్ల డాలర్లు వచ్చాయి. మన దేశంలోనూ ఆ మేరలోని పౌనఃపున్యాలు 2022 ఆగస్టులో ముగిసిన వేలంలో మొబైల్ ఫోన్లకు అమ్ముడయ్యాయి. వాటి గిరాకీకి కారణం మీరే కనిపెట్టవచ్చు. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగించండి. 700 మెగాహెర్ట్జులకు తరంగదైర్ఘ్యం సుమారు 43 సెంటీమీటర్లు. 3,500 మెగాహెర్ట్జులకు 9 సెంటీమీటర్ల లోపే. పొడుగు తరంగాలు గోడల్లోంచి, చెట్ల నడుమనుంచి తేలికగా దూరి ఎక్కువ దూరం పోతాయి. ఒకనాడు సినిమాలు మోసిన తరంగాలమీద ఇప్పుడు మీ ఫోను మాటలు ప్రయాణిస్తూ ఉండవచ్చు.

ఇంత లాభం ఉన్నా ఒక నష్టం చెప్పకపోతే అన్యాయం. కుదించడానికి అక్కడ, విప్పడానికి ఇక్కడ కొంత సమయం పడుతుంది. కాబట్టి డిజిటల్ టీవీ నిజంకంటె ఒకటి రెండు సెకండ్లో, ఇంకా ఎక్కువో వెనక నడుస్తుంది. క్రికెట్ మ్యాచి రోజున రేడియో వినే పక్కింటివాళ్లు ముందే "అవుట్!" అని అరిస్తే మీ సరదా పాడవడం అందువల్లనే.

మన దగ్గర

మన దేశంలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలయ్యాయి. పల్లెలకు టీవీ చేరిన మొదటి పెద్ద ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌కు చోటుంది. 1975 ఆగస్టునుంచి ఒక సంవత్సరంపాటు అమెరికా ఉపగ్రహం ఒకటి ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు పాఠాలు, వ్యవసాయ విశేషాలు అందించింది. ఆ ఆరింటిలో మనదీ ఒకటి. తరువాత ఊరూరా ప్రసార స్తంభాలు లేచాయి.

డిజిటల్ మార్పు మనకు ముందుగా కేబుల్ తీగ ద్వారా వచ్చింది. 2011లో చట్టం సవరించి నాలుగు దశలు నిర్ణయించారు. ఢిల్లీ, ముంబయి మొదలైన మహానగరాలది తొలి దశ. 2013 మార్చి 31 గడువుగల రెండో దశలో హైదరాబాదు, విశాఖపట్నం ఉన్నాయి. చిన్న పట్టణాలు, పల్లెలు చివరి దశ, 2017 మార్చి గడువు. తీగలో ఎక్కువ ఛానెళ్లు పట్టడం ఒక ప్రయోజనం, ఎన్ని ఇళ్లకు కనెక్షన్లున్నాయో దొంగలెక్క లేకుండా తేలడం మరొకటి. గాలిలోని అనలాగ్ ప్రసారాలను దూరదర్శన్, సుమారు 50 ముఖ్యమైన చోట్ల తప్ప, 2022 మార్చి 31 నాటికి ముగించాలని నిర్ణయించి ఆపివేసింది. నెలవారీ చందా లేని ఉచిత డిష్ సేవను 2004 డిసెంబరులోనే మొదలుపెట్టి ఉండటం వల్ల, మారుమూల ఇళ్లకు ఒక దారి మిగిలింది.

ఇక మొదటి ప్రశ్న మిగిలిపోయింది. చుక్కలు ఎక్కడికి పోయాయి?

ఎక్కడికీ పోలేదు. ఆ రొద ఇప్పటికీ ప్రతి ఏంటెనామీదా పడుతూనే ఉంది. కొత్త పెట్టె దాన్ని మీకు చూపించడంలేదు, అంతే. చూడాలనుంటే అటకమీది పాత పిక్చర్ ట్యూబ్ టీవీని దించి, పెద్దవాళ్ల సమక్షంలో పెట్టండి. ఏ స్టేషనూ లేనిచోటికి ట్యూన్ చేయండి. తెర నీలంగా వస్తే మెనూలో నీలం తెరను ఆపేయండి. కాని వెనక మూత మాత్రం విప్పవద్దు. రంగుల ట్యూబులో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్చి కట్టేశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఆ కదిలే చుక్కలలో ఎక్కువ భాగం టీవీలోని వేడివి, చుట్టుపక్కల యంత్రాలవి. వందింట ఒక వంతు మాత్రం, అంచనా ప్రకారం, విశ్వం పుట్టిన కొత్తలో బయలుదేరిన తరంగాలవి. విశ్వానికి ఇప్పుడు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. ఆ వెలుగు బయలుదేరినప్పుడు దాని వయసు 3 లక్షల 80 వేల ఏళ్లే. 1964లో అమెరికాలో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ ఒక పెద్ద ఏంటెనాతో పనిచేస్తూ, ఎటు తిప్పినా పోని రొద ఒకటి గమనించారు. పావురాల రెట్టలవల్లనేమోనని ఏంటెనా కడిగి చూశారు కూడా. పోలేదు. అదే ఈ రొద. 1978లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

మా అమ్మ టీవీ ఇప్పుడు మా బడి ప్రయోగశాలలో ఉంది. ఏడాదికొకసారి దాన్ని పెట్టి చుక్కలు చూపిస్తాను. "వాటిలో ఏది ఆ పాత చుక్క మాష్టారూ?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. విడదీసి చూపడం కుదరదు. అనలాగ్ కదా, అన్నీ కలిసిపోయే వస్తాయి.